అనంతపురంలో షేరింగ్ ఈవీ స్కూటర్లు పెడితే బస్సులకి, షేర్ ఆటోలకి దెబ్బ పడుతుందా?

బైపాస్_బ్యాచ్

అందరికీ నమస్తే. నాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. ఇక్కడ మెట్రో దిగినాక రూమ్ దాకా చాలాసార్లు యూలూ బండి తీసుకుంటా, ఫోన్లో స్కాన్ చేస్తే లాక్ తెరుచుకుంటాది, పోయినాక వాళ్ళు చెప్పిన జోన్‌లో పెట్టేసి పోవడమే, లైసెన్స్ కూడా అడగరు ఎందుకంటే 25 స్పీడు దాటదు. ఇప్పుడు సంగతి ఏందంటే మా ఫ్రెండ్ ఒకడు ఇట్లాంటివే ఒక 40 బండ్లు మన అనంతపురంలో దింపుదామని తిరుగుతున్నాడు, నన్ను కూడా కొంచెం దుడ్డు పెట్టమంటున్నాడు. టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్, ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషన్, జేఎన్టీయూ, సాయినగర్ ఆస్పత్రుల కాడ పాయింట్లు పెడితే చాలంట. వాని లెక్కలో ఇవి వస్తే జనం బస్సులు ఇంకా ఎక్కువ ఎక్కుతారంట, బస్టాండు దాకా పోయేది సులభమవుతుంది కాబట్టి సొంత బండ్లు ఇంట్లో పెట్టేస్తారంట.

ఇంట్లో చెప్తే మా చిన్నాన్న, ఆయన షేర్ ఆటో నడుపుతాడు, "మా కడుపు కొట్టేకేనా నిన్ను బెంగళూరు పంపిచ్చింది" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ అప్పటి నుంచి మనసులో అదే తిరుగుతా ఉంది.

లాభం వస్తుందా రాదా అని నేను అడగడం లేదు, అది వేరే లెక్క. వేరే ఊర్లల్లో ఈ స్కూటర్లు వచ్చినాక బస్సెక్కే జనం తగ్గినారా పెరిగినారా? ఎవరికైనా గట్టిగా తెలిస్తే చెప్పండి. దయచేసి పార్టీల గోల వద్దు.

లెక్కల_లేపాక్షి

మీ ఫ్రెండు చెప్పేది పూర్తి అబద్ధం కాదు, అట్లని నిజమూ కాదు. నేను టౌన్ ప్లానింగ్ చదివా, ఇది కొంచెం నా ఏరియా, పొడుగు అవుతుంది ఓపిక పట్టండి.

ఈ స్కూటర్ల సందడి 2017లో అమెరికాలోని శాంటా మోనికాలో బర్డ్ అనే కంపెనీతో మొదలైంది. అవి మన బండ్ల లాంటివి కావు, నిలబడి పోయే చిన్నవి, కానీ వాటి మీద జనం పోయే దూరం మాత్రం మీరు మెట్రో నుంచి రూమ్‌కి పోయే దూరం లాంటిదే. ఏడాది తిరిగేసరికి పెద్ద ఊర్లల్లో ఫుట్‌పాత్‌ల నిండా ఇవే. అప్పుడు కంపెనీలు అన్నీ చెప్పింది అచ్చం మీ ఫ్రెండు మాటే, మేము బస్సుకి పోటీ కాదు, బస్టాపు దాకా తెచ్చి దించేవాళ్ళం అని. తర్వాత యూనివర్సిటీల వాళ్ళు స్కూటర్ ట్రిప్పుల లెక్క, బస్సు టికెట్ల లెక్క పక్కపక్కన పెట్టి చూశారు. నాష్‌విల్‌లో ఏం తేలిందంటే పని మీద పోయే స్కూటర్ ట్రిప్పుల వల్ల మామూలు రోజుల్లో బస్సు జనం దాదాపు ఒక శాతం తగ్గారు, సరదాకి తిరిగే ట్రిప్పుల వల్ల దాదాపు అంతే పెరిగారు, కూడితే సున్నా దగ్గరకొచ్చి ఆగింది. లూయివిల్‌లో చూస్తే చెప్పుకోదగ్గ మార్పే కనపడలేదు. ఇండియానాపోలిస్‌లో బస్సు రూట్ల మ్యాపు మీద స్కూటర్ ట్రిప్పులు వేసి చూస్తే 27 శాతం దాకా బస్సుకి పోటీ పడేవి, 29 శాతం బస్సు అందని చోట పనికొచ్చేవి అని తేలింది.

సున్నా అని చూసి మీ ఫ్రెండు ఎగిరి గంతేయకముందే ఒకటి గమనించాలి. అమెరికాలో ఇట్లాంటి ఊర్లల్లో బస్సు అరగంటకో గంటకో ఒకటి, అదీ సగం ఖాళీ. లాక్కోవడానికి అందులో జనం ఉంటే కదా. పారిస్ లాంటి ఊర్లో, అక్కడ మెట్రో రెండు మూడు నిమిషాలకి ఒకటి, స్కూటర్ ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు నడిచేవాళ్ళు, మెట్రో బస్సు ఎక్కేవాళ్ళు. కారు వదిలి వచ్చినవాళ్ళు తక్కువ. అమెరికాలో కార్లు వదిలినవాళ్ళు కొంచెం మెరుగు, 2018లో పోర్ట్‌లాండ్‌లో అడిగితే స్కూటర్ ఎక్కిన ఊరివాళ్ళలో 34 శాతం మంది ఇది లేకపోతే కారో క్యాబో తీసేవాళ్ళమన్నారు. రాలీ అనే ఊర్లో అడిగితే సగం మంది నడిచో సైకిల్ మీదో పోయేవాళ్ళం అన్నారు, మూడో వంతు కారు, 11 శాతం బస్సు.

పారిస్ సంగతి తెలిసే ఉంటుంది, 2023 ఏప్రిల్‌లో ఈ అద్దె స్కూటర్లు ఉండాలా వద్దా అని ఓటింగ్ పెడితే ఓటేసినవాళ్ళలో 89 శాతం వద్దన్నారు, సెప్టెంబరు నుంచి 15 వేల బండ్లు మాయం. అయితే ఓటేయడానికి వచ్చింది ఎనిమిది శాతం లోపే, వాడే కుర్రకారు ఇంట్లో పడుకున్నారు, విసిగిపోయిన పెద్దవాళ్ళు పొద్దున్నే లైన్లో నిలబడ్డారు.

ఇంకోటి, జూరిక్‌లో 2022లో వచ్చిన స్టడీలో షేరింగ్ స్కూటర్ వల్ల పొగ తగ్గకపోగా పెరుగుతుందని, అదే సొంతానికి కొనుక్కున్న ఈ-స్కూటర్ వల్ల తగ్గుతుందని తేలింది. కారణం సింపుల్, షేరింగ్ బండి నడకని, ట్రామ్‌ని తినేస్తుంది, పైగా దాన్ని రాత్రిపూట వ్యాన్లో వేసుకొని చార్జింగ్‌కి తిప్పాలి, జనం ఎట్లంటే అట్లా వాడితే తొందరగా చెడిపోతుంది. మొదట్లో లూయివిల్‌లో ఒక్కో బండి సగటున నెల కూడా బతకలేదు. ఇప్పుడు బండ్లు గట్టివి వచ్చాయి, బ్యాటరీ ఊడదీసి మార్చేవి వచ్చాయి, కాబట్టి ఆ లెక్క కొంచెం మెరుగుపడింది.

కాబట్టి మీ ఫ్రెండుని అడగాల్సింది "బస్సు జనం పెరుగుతారా" అని కాదు. ఆ 40 బండ్లు ఎక్కేవాడు నిన్నటిదాకా దేంట్లో పోతున్నాడు అని.

ఆటోస్టాండ్_అబ్బి

లేపాక్షి అన్నా నీ శాతాలు సరే గానీ ఈడ బస్సు యాడుండాదప్పా? అనంతపురంలో ఊర్లో తిరిగేకి అంటే షేర్ ఆటోనే. ఆర్టీసీ బస్సు అంటే ధర్మవరం, తాడిపత్రి, కళ్యాణదుర్గం పోయేది. టవర్ క్లాక్ నుంచి జేఎన్టీయూ పోయేకి ఎవడూ బస్సు కోసరం నిలబడ్డు. కాబట్టి దెబ్బ బస్సుకి కాదు, నాకు. నేను ఆటోనే నడిపేది, బైపాస్ బ్యాచ్ తమ్ముడి చిన్నాన్న నాకు తెలిసినోడే అయ్యుంటాడు, అయినా పేర్లు వద్దులే.

మా లెక్క బయటోళ్ళకి తెలీదు, చెప్తా ఇనండి. ఈ చివర ఎక్కి ఆ చివర దిగేటోళ్ళతో ఆటో నిండితే దుడ్డు మిగల్దు, గ్యాసుకీ కంతుకీ సరి. మాకు మిగిలేది నడుమ ఎక్కి నడుమ దిగేటోని కాడ. సప్తగిరి కాడ ఒకడు దిగితే అదే సీట్లో ఇంకొకడు ఎక్కుతాడు, ఒక ట్రిప్పులో ఒకే సీటుకి రెండుపార్లు దుడ్డొస్తాది. ఇప్పుడు ఆ నడుమ దిగేటోడు ఎవుడు? చేతిలో ఫోను, ఈపుకి బ్యాగు, ఒంటిగా పోయే కాలేజీ పిల్లోడు, బ్యాంకు పిల్లోడు. మీ స్కూటరు ఎవురికి? వానికే.

వాడు పోతే మిగిలేటోళ్ళు ఎవురు? మార్కెట్ నుంచి గంప పెట్టుకోని వచ్చే అవ్వ, పెద్దాసుపత్రికి పోయే కడుపుతో ఉండే పాప, వాళ్ళ అమ్మ, వాళ్ళ సంచులు. వాళ్ళు స్కూటరెక్కరు. వాళ్ళ కోసరం నేను నడపాల కానీ నిండితేనే కదా కదిలేది. మీరు చూసే ఉంటారు, ఆటో స్టార్ట్ చేసి గేరేసి ఒగ అడుగు ముందరికి, ఒగ అడుగు ఎనక్కి, ఇదో పోతాండా ఇదో పోతాండా అని చూపిస్తా ఉంటాం, లోపల కూర్చున్న అవ్వ తిడతా ఉంటాది. ఇప్పుడు అయిదు నిమిషాలు ఆ ఆట ఆడేది రేపు పదైదు నిమిషాలు ఆడాల్సొస్తాది. అప్పుడు నాలుగు ఆటోల్లో ఒకటి స్టాండులోనుంచి పోతాది, ఇంకా లేటవుతాది.

స్త్రీశక్తి అని 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకి ఆర్టీసీలో ఫ్రీ పెట్టినారు, మంచిదే, నేను తప్పు పట్టను, మా ఇంట్లో ఆడోళ్ళు కూడా పోతాండారు. కానీ రాప్తాడు, బుక్కరాయసముద్రం, కూడేరు లైన్లో తిరిగే ఆటోలకి సీట్లు ఖాళీ అయిపోయినాయి, ఆ ఆటోలన్నీ ఇప్పుడు ఊర్లోకి వచ్చి మా ఎనకాల నిలబడినాయి. ఏడాదికి 15 వేలు ఇచ్చినారు ఆటోవాళ్ళకి, అది ఇన్సూరెన్సుకి, ఎఫ్‌సీకి సరిపాయ. దాని మీద మళ్ళా మీ స్కూటర్లా?

మే_నెల_బాధితుడు

ఈ తగువంతా ఎండ చూసుకోని పడండి సామీ. ఏప్రిల్లో మధ్యాన్నం ఒంటిగంటకి నీడ లేని పాయింట్లో పెట్టిన బండి నల్ల రెగ్జిన్ సీటు మీద కూర్చొని చూపించండి, ఆటోవాళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చు. జూన్ దాకా మీ 40 బండ్లూ పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం ఆరు తర్వాత. 😂

ఎస్కేయూ_బస్‌పాస్

మగవాళ్ళందరూ మాట్లాడుకుంటున్నారు గానీ ఊర్లో షేర్ ఆటో ఎక్కేవాళ్ళలో సగానికి పైన మేమే కదా, మా ఇళ్ళల్లో సొంత బండి ఉంటే అది ఇంట్లో మగవాళ్ళు తీసుకొని పోయి ఉంటారు.

ఫ్రీ బస్సు వచ్చినాక నాకు కనిపించిన మార్పు చెప్తా. మా అత్త వాళ్ళది కళ్యాణదుర్గం అవతల ఒక పల్లె. ముందు ఆస్పత్రికి అంటే రెండు వైపులా చార్జీ లెక్క చూసుకొని వారం వాయిదా వేసేవాళ్ళు. ఇప్పుడు పల్లెవెలుగు ఎక్కి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకొని అనంతపురం బస్టాండు దాకా వచ్చేస్తారు. కానీ బస్టాండు నుంచి సాయినగర్ డాక్టర్ దాకా పోయే ఆ కొంచెం దూరానికే డబ్బులు, అది కూడా ఒక్కోసారి షేర్ కాదు, మొత్తం ఆటో మాట్లాడుకోవాలి. అంటే ఖర్చంతా చివరి కిలోమీటర్లోనే ఉంది. లేపాక్షి గారు చెప్పిన "బస్సు అందని చోట" అంటే మన ఊర్లో ఇదే.

మరి ఆ స్కూటర్ మా అత్తకి పనికొస్తుందా? నేను బెంగళూరులో చూసినవాటికి ఒక్కరికే సీటు. చీర కట్టుకున్న యాభై ఏళ్ళ మనిషి, పక్కన మనవరాలు, చేతిలో ఎక్స్‌రే కవరు. ఫోన్ ఉంది కానీ బటన్ల ఫోన్. ఇంక ఏం స్కాన్ చేస్తుంది.

నా సంగతి వేరే, నేను నడపగలను, నడుపుతాను కూడా. కానీ నాకు కావాల్సింది ఊర్లో కాదు, యూనివర్సిటీ దాకా, అది ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. 25 స్పీడు బండి మీద లారీల పక్కన హైవే మీద పోతే మా అమ్మ ఊరుకోదు, నేను కూడా పోను. కాబట్టి ఊర్లో రెండు కిలోమీటర్లకి మీ స్కూటర్ ఎక్కేది ఎవరంటే ఆటో అన్న చెప్పిన ఆ బ్యాగు పిల్లోడే. వాడు నడిచినా పోతాడు, వాడి కోసం పెట్టుబడా?

ఆటో అన్నా, ఒక మాట మీకు కూడా. సాయంత్రం ఏడు దాటితే యూనివర్సిటీ వైపు ఆటో నిండలేదని మమ్మల్ని మధ్యలో దించేసిన రోజులు ఉన్నాయి. జనం మిమ్మల్ని వదిలిపోతారని భయం ఉంటే అది కూడా ఒకసారి మీ స్టాండులో మాట్లాడండి.

ఆటోస్టాండ్_అబ్బి

పాపా అది తప్పే, కాదనను. డీజిల్ బండ్లోళ్ళు కొందరు అట్లా చేస్తారు. (మాది గ్యాసు.)

హిందూపురం_డెలివరీ

నేను బెంగళూరులో డెలివరీ చేస్తా, అద్దె ఈవీ మీదనే. అందరూ మెట్రో, బస్సు అని మాట్లాడుతున్నారు, అక్కడ రోడ్డు మీద పోయే నీలం రంగు యూలూ బండ్లు ఎవరి కింద ఉన్నాయో ఒకసారి చూడండి. స్టేషన్ నుంచి ఆఫీసుకి పోయేవాళ్ళు కొంతమందే, చాలామంది నాలాంటోళ్ళు, వెనక డబ్బా కట్టుకొని. కంపెనీ కూడా అందుకే 2023లో బజాజ్ వాళ్ళతో తయారు చేయించినప్పుడు రెండు మోడళ్ళు తెచ్చింది, జనం తిరిగేకి ఒకటి, సామాన్లు మోసేకి డెక్స్ అని ఒకటి. వారానికి అద్దె కడతాం, బ్యాటరీ అయిపోతే బ్యాటరీ స్టేషన్‌కి పోయి మార్చుకుంటాం, లైసెన్స్ లేని పిల్లోనికి కూడా పని దొరుకుతుంది. 250 వాట్ల లోపు మోటారు, 25 స్పీడు లోపు ఉంటే రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు, అదే వాళ్ళ వ్యాపారానికి పునాది.

బిజినెస్ ఎట్లా మారిందో చూడండి. పది నిమిషాలకి ఒకడు తీసి ఇంకో చోట పడేసి పోయే బండి కంటే, వారమంతా ఒక్కని దగ్గర ఉండే బండి మీద ఓనర్‌కి గ్యారంటీ ఎక్కువ. బండి ఎక్కడుందో వెతికే పని లేదు, సీటు చింపేవాడు ఉండడు. మీ ఫ్రెండు అనంతపురంలో 40 దింపినా ఆరు నెలల్లో అవి డెలివరీ పిల్లోళ్ళ కిందికి పోతాయని నా పందెం. అప్పుడు బస్సుకీ ఆటోకీ ఏం కాదు, బిర్యానీ మాత్రం తొందరగా వస్తుంది.

ఇంకోటి, 40 బండ్లకి బ్యాటరీ మార్చే స్టేషన్ పెడితే కిట్టుబాటు కాదు. ఇంట్లో ప్లగ్గు పెట్టుకోవాల్సిందే, మన పల్లె కరెంటు తెలుసు కదా.

లెక్కల_లేపాక్షి

హిందూపురం బ్రదర్ చెప్పింది చాలా ముఖ్యమైన పాయింటు, నా మొదటి పోస్టులో ఉన్న స్టడీలన్నీ జనం తమ కోసం తీసుకునే ట్రిప్పుల మీదే, ఈ డెలివరీ అద్దె లెక్క వాటిలో లేదు. 2020 తర్వాత మన దేశంలో కథ వేరే దారి పట్టింది.

కానీ ఆటో అన్న లెక్కకి ఒకటి కలుపుతా. ఆయన చెప్పిన "ఒకే సీటుకి రెండుసార్లు" అనేది ప్రపంచంలో ఏ సిటీ బస్సుకైనా వర్తించేదే, నాష్‌విల్‌లో తగ్గిన ఆ ఒక్క శాతం కూడా చిన్న దూరం వాళ్ళే అయి ఉంటారని నా ఊహ. తేడా ఎక్కడంటే అక్కడ బస్సు నడిపేది ప్రభుత్వం, టికెట్ డబ్బులు తగ్గినా గ్రాంటు వస్తుంది, బస్సు టైముకి బయలుదేరుతుంది. మన ఊర్లో బస్సు చేసే పని చేసేది అప్పు చేసి ఆటో కొన్న ఒక మనిషి, కంతు కట్టలేకపోతే మరుసటి నెల ఆ బండి రోడ్డు మీద ఉండదు. అందుకే అక్కడి సున్నాని ఇక్కడికి తెచ్చి అతికించకూడదు. అక్కడ ఒక శాతం పోతే రిపోర్టులో ఒక లైను, ఇక్కడ పది శాతం పోతే అవ్వకి ఆటో దొరకదు.

జర్మనీలో బెర్లిన్‌లో 2019 నుంచి బస్సు మెట్రో నడిపే సంస్థే జెల్బి అని ఒక యాప్ పెట్టింది, దాంట్లోనే ట్రైన్ టికెట్టు, దాంట్లోనే స్కూటర్, స్టేషన్ పక్కనే వాటికి గీత గీసిన జాగా. స్కూటర్ బస్సుకి తోడు కావాలంటే అట్లా బస్సువాళ్ళే పగ్గం పట్టుకోవాలి. ఊరికే పాయింట్లు పెట్టేస్తే స్కూటర్ పోయేది ఎక్కువ జనం ఉండే చోటికి, అంటే ఆల్రెడీ ఆటోలు నిండుగా తిరిగే లైన్లోకే. మీ ఫ్రెండు లిస్టు మళ్ళీ చదవండి, టవర్ క్లాక్, సప్తగిరి, స్టేషన్, జేఎన్టీయూ. ఒక్కటైనా ఆటో దొరకని చోటు ఉందా?

బైపాస్_బ్యాచ్

అందరికీ థాంక్స్, ఇంత వస్తాదనుకోలేదు. లేపాక్షి గారూ ఆ లిస్టు గురించి అడిగింది నిజమే, వానికి ఫోన్ చేసి అడిగితే "జనం లేని చోట పెడితే బండి ఎవడు తీస్తాడు" అంటాడు. వాని బాధ వానిది.

నాకు ఒక ఆలోచన వచ్చింది, తప్పైతే చెప్పండి. నా పేరు చూసినారు కదా. హైదరాబాద్-బెంగళూరు ప్రైవేటు బస్సులోళ్ళు అర్ధరాత్రి రెండుకో మూడుకో తపోవనం కాడ, రుద్రంపేట కాడ బైపాస్ మీదనే దించేసి పోతారు. ఆ టైములో షేర్ ఆటో ఉండదు, ఉన్న ఒకరిద్దరు చెప్పే రేటుకి బెంగళూరు నుంచి వచ్చిన బస్సు చార్జీలో నాలుగో వంతు పోతాది. ఊర్లో పాయింట్లు అన్నీ వదిలేసి బైపాస్ మీద రెండు మూడు చోట్ల మాత్రం పెడితే? పగటి ఆటోలకి పోటీ లేదు, బస్సు దిగినోనికి తోడు. చిన్నాన్నకి కూడా చెప్పుకోవచ్చు.

ఎస్కేయూ_బస్‌పాస్

రాత్రి మూడుకి బైపాస్ మీద దిగి, ఒక్కదాన్నే స్కూటర్ స్కాన్ చేసుకుంటా నిలబడి, కుక్కలు వెంటపడుతుంటే 25 స్పీడులో ఊర్లోకి. వద్దులెండి. మా నాన్న వచ్చి తీసుకొని పోతాడు. మగపిల్లోళ్ళకైతే ఓకే.

లెక్కల_లేపాక్షి

మగపిల్లలకే అయినా ఇదే ఇప్పటిదాకా వచ్చిన వాటిలో బాగుంది. బస్సు లేని టైములో స్కూటర్ బస్సుని తినదు. అట్లాంటాలో 2019 ఆగస్టులో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా స్కూటర్లు బంద్ చేస్తే సాయంత్రం పూట కార్ల ప్రయాణం దాదాపు పది శాతం లేటయిందని తేలింది, అంటే ఆ టైములో స్కూటర్ ఎక్కేవాళ్ళు నిజంగానే కార్లు, క్యాబులు వదిలి వచ్చినవాళ్ళు. రాత్రి పూట లెక్క పగటి లెక్క ఒకటి కాదు.

కానీ 25 స్పీడు బండిని నేషనల్ హైవే మీద నడపనీయకూడదు, సర్వీస్ రోడ్డు వైపే పాయింటు ఉండాలి, లైటు ఉండాలి. అంతకన్నా స్పీడు పోయే బండ్లు పెట్టుకుంటే ఆర్టీవో దగ్గర అద్దె బండ్ల లైసెన్స్, 1997 నాటి స్కీమ్ ఒకటుంది దాని కింద, అద్దె బండ్ల నంబరు ప్లేటు, హెల్మెట్, అన్నీ కావాలి. చిన్న ఊర్లో చాలామంది ఇది లేకుండానే సొంత తెల్ల ప్లేటు బండ్లు అద్దెకి ఇస్తుంటారు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ రాదు. మీ దుడ్డు పెట్టేముందు ఈ కాగితం అడగండి.

హిందూపురం_డెలివరీ

బైపాస్ ఐడియాలో ఒక చిక్కు. రాత్రి మూడుకి పది మంది దిగి పది బండ్లు తీసుకొని రామ్‌నగర్‌కీ కమలానగర్‌కీ పోతారు. తెల్లారేసరికి పది బండ్లూ ఊర్లో చెల్లాచెదురు. మళ్ళీ రాత్రికి అవి బైపాస్ కాడ ఉండాలి. అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళే గానీ ఇటు నుంచి అటు పగలు ఎవరు పోతారు? బెంగళూరులో కూడా పొద్దున స్టేషన్ ముందర బండి దొరకదు, సాయంత్రం ఆఫీసుల ముందర దొరకదు, కంపెనీవాళ్ళు టాటా ఏస్‌లో ఎత్తి తిప్పుతా ఉంటారు. ఆ ఖర్చుకే చాలామంది మునిగినారు.

బైపాస్_బ్యాచ్

ఆ మాట నిజం, నేను దాని గురించి ఆలోచించలే. లగేజీ ఆటో మాట్లాడితే? ఆటోస్టాండ్ అన్నా, సాయంత్రం పూట మీ స్టాండులోళ్ళు ఎవరైనా ఊర్లో తిరిగి బండ్లు ఎత్తుకొని బైపాస్ కాడ దింపేస్తారా, రోజూ బాడుగ ఫిక్స్ చేసుకొని?

ఆటోస్టాండ్_అబ్బి

ప్యాసింజరు ఆటోలో బండ్లు ఏసుకోని పోతే ట్రాఫిక్ పోలీసు ఫైను ఏస్తాడు తమ్ముడూ, లగేజీ ఆటో కావాల. మా స్టాండు పక్కనే మార్కెట్ కాడ ఉండారు లగేజీ ఆటోలోళ్ళు, పొద్దున కూరగాయల బాడుగ అయిపోతే మధ్యాన్నం నుంచి ఖాళీనే. ఒక ఆటోలో మూడు బండ్లు పడతాయి, నాలుగు ఏస్తే గీరుకుంటాయి. నలపై బండ్లు అన్నీ ఎత్తాలంటే ఒకడు ఎన్నిపార్లు తిరగాలో నువ్వే లెక్కేసుకో, డీజిల్ నీదా వానిదా అది కూడా.

మీ ఫ్రెండుని ట్రిప్పుకి ఎంత ఇస్తాడో ముందు చెప్పమను, నెలాఖరుకి ఇస్తా అంటే ఎవురూ రారు. రేటు కుదిరితే నీ చిన్నాన్నని నేనే ఒప్పిస్తా.